మాత్రలు బతికించాయి, మరి ముసలితనం మాటేమిటి?

హెచ్.ఐ.వి. గురించి మన రాష్ట్రంలో ఇన్నేళ్లుగా జరిగిన ప్రచారమంతా వయసులో ఉన్నవాళ్ల చుట్టూనే తిరిగింది. గోడల మీద నినాదాలు, ఆసుపత్రుల్లో అతికించిన పోస్టర్లు, కళాజాతాలు, శిక్షణా శిబిరాలు అన్నీ లారీ డ్రైవర్ల గురించి, సెక్స్ వర్కర్ల గురించి, వలస కూలీల గురించి, గర్భిణీ స్త్రీల గురించి మాట్లాడాయి. ఆ బొమ్మల్లో ఎక్కడా నెరిసిన తల కనిపించదు. జబ్బు సోకితే చావే అనుకున్న రోజుల్లో, సోకినవాళ్లు ముసలివాళ్లవుతారన్న ఆలోచనే ఎవరికీ లేదు.

2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఎక్కువ తీవ్రత ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఏ.ఆర్.టి. మందుల్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిలో మన రాష్ట్రం ఒకటి. ఆ ఏడాది ముప్ఫై ఏళ్ల వయసున్న స్త్రీ ఈరోజు యాభై దాటింది. ఆమె బతికి ఉండటం సామాన్యమైన విషయం కాదు. ఆమె పట్టుదల, కౌన్సెలర్ల ఓపిక, మందుల కోసం పోరాడిన సంఘాల శ్రమ అన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. అయితే మందులు ఆమె ఆయుష్షును పొడిగించాయే గాని, ఆ పెరిగిన ఆయుష్షులో ఆమె ఎలా బతకాలన్నది ఎవరూ ఆలోచించలేదు. ఈ సంచికలో ఆ ప్రశ్నను మీ ముందు పెట్టదలచుకున్నాం.

దీన్ని హైదరాబాదు నుంచో ఢిల్లీ నుంచో కాకుండా రొద్దం లాంటి మండలం నుంచి చూస్తే సమస్య అసలు రూపం తెలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లాను విడదీసినప్పుడు రొద్దం, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు మారింది గాని ఆకాశం మారలేదు. వానను నమ్ముకుని చెనిక్కాయ వేయడం, పంట ఎండితే బెంగుళూరు బస్సెక్కడం ఇక్కడ తరాలుగా సాగుతున్న జీవితం. ఒక పక్క కర్ణాటకలోని పావగడ సరిహద్దు, ఇంకో పక్క పెనుకొండ మీదుగా పోయే హైదరాబాదు - బెంగుళూరు రహదారి. మగవాళ్లు కట్టడం పనులకు, లారీల మీదికి పోయారు. ఆడవాళ్లు కొందరు వాళ్ల వెంట పోయారు, చాలామంది ఇంటి దగ్గర ముసలివాళ్లనూ పిల్లల్నీ పశువుల్నీ చూసుకుంటూ ఉండిపోయారు. కదిరి ప్రాంతం నుంచి స్త్రీలను ముంబై, పూణే, ఢిల్లీ నగరాలకు తరలించి అమ్మిన చరిత్ర మనకు తెలిసిందే. కరువుకీ వలసకీ వ్యాపారానికీ ఆడవాళ్ల శరీరాలు చెల్లించిన మూల్యంలో హెచ్.ఐ.వి. ఒక భాగం.

ఎంతమంది? 2005-06లో జరిగిన మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తపరీక్షలు చేసినప్పుడు దేశం మొత్తం మీద వయోజనుల్లో హెచ్.ఐ.వి. 0.28 శాతం ఉంటే, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం ఉంది. తర్వాత కొత్తగా సోకడం బాగా తగ్గింది. అయినా ఈశాన్య రాష్ట్రాలను పక్కన పెడితే తీవ్రత ఎక్కువగా ఉన్న రాష్ట్రాల వరుసలో మనం ముందే ఉన్నాం. 2023 అంచనాల ప్రకారం దేశంలో పాతిక లక్షల మందికి పైగా హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారు. వాళ్లలో సుమారు 44 శాతం స్త్రీలు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. తీవ్రత ఎంత శాతం అని చెప్పే అంకె ఏ వయసువాళ్లది? 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లది. ఆ సర్వేలో రక్తం ఇచ్చిన స్త్రీలు 15-49 ఏళ్లవాళ్లు, మగవాళ్లు 15-54 ఏళ్లవాళ్లు. సాధారణ ప్రజల్లో జబ్బు ఎంత ఉందో తెలుసుకోవడానికి ప్రభుత్వం ఏళ్ల తరబడి ఆధారపడింది గర్భిణీ స్త్రీల క్లినిక్కుల మీద. అంటే ఒక స్త్రీ కడుపుతో ఉన్నంతకాలమే లెక్కలోకి వస్తుంది. తల్లి నుంచి బిడ్డకు జబ్బు రాకుండా చూడాలనే కార్యక్రమం ఎంతో మంచిదే, ఎందరో పిల్లల్ని కాపాడింది. కానీ కానుపు అయిపోయాక, పిల్లలు పుట్టే వయసు దాటాక, ఆ స్త్రీ శరీరం మీద ప్రభుత్వానికి ఆసక్తి ఉండదు. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో మనం ఎప్పుడో గుర్తించి విమర్శించిన దృష్టే ఇది. స్త్రీ అంటే గర్భసంచి అన్న దృష్టి. హెచ్.ఐ.వి. కార్యక్రమం కూడా దాన్నే వారసత్వంగా తెచ్చుకుంది.

ఆ వారసత్వం ఆడవాళ్ల జీవితాల్లో ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని 2019-21 సర్వే చెప్పింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే ఆ పని అయిపోతుంది. పిల్లలు పుట్టకుండా వాడేది నిరోధ్ అని నేర్పిన సమాజంలో, ఆపరేషన్ అయిన భార్య నిరోధ్ మాటెత్తితే మొగుణ్ణి అనుమానించినట్టు, లేదా తానే తప్పు చేసినట్టు. ఇక నలభై అయిదు దాటిన ఆడది ఆ మాట ఎత్తగలదా? నెలసరి ఆగాక యోని పొరలు పలచబడి, సులభంగా గాయపడతాయనీ, అందువల్ల ఇన్‌ఫెక్షన్ సోకే అవకాశం పెరుగుతుందనీ ఆమెకు చెప్పినవాళ్లెవరు? యాభై ఏళ్ల దంపతుల మధ్య శారీరక సంబంధం ఉంటుందని ఒప్పుకోవడానికే మన ఆరోగ్య కార్యకర్తలు సిగ్గుపడతారు. ఆ సిగ్గు ఖరీదు ఆమె చెల్లిస్తోంది.

అందువల్ల యాభై దాటినవాళ్లలో జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. బరువు తగ్గితే వయసు అంటారు. విడవకుండా జ్వరం వస్తే టైఫాయిడ్ అంటారు. మతిమరుపు, కాళ్ల మంటలు, నోటి పూత, మాటిమాటికీ విరేచనాలు అన్నిటికీ ముసలితనమే సమాధానం. ఆర్.ఎం.పి. డాక్టరు సెలైన్ ఎక్కిస్తాడు, హెచ్.ఐ.వి. పరీక్ష రాయడు. 'ఈ అవ్వకు ఆ జబ్బెందుకొస్తుంది' అనుకుంటాడు. పరీక్ష చేయించేసరికి సి.డి.4 కణాలు బాగా పడిపోయి, క్షయ కూడా తోడై ఉంటుంది. వయసు పెరిగిన కొద్దీ మందులు వేసుకున్నా ఆ కణాలు తిరిగి పెరగడం నెమ్మదిగా ఉంటుందని వైద్యశాస్త్రం చెబుతోంది. ఆలస్యమైతే నష్టం ఎక్కువగా జరిగేది వాళ్లకే, ఆలస్యం చేస్తున్నది కూడా వాళ్ల విషయంలోనే.

బత్తలపల్లిలో ఆర్.డి.టి. ఆసుపత్రి వైద్యులు అనంతపురం జిల్లా రోగుల మీద చేసిన అధ్యయనాలు 2012 నుంచి వెలువడుతున్నాయి. వాటిలో స్త్రీ పురుషుల మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మగవాళ్లతో పోలిస్తే స్త్రీలు చిన్న వయసులోనే రోగులుగా నమోదయ్యారు. వాళ్లలో చదువురానివాళ్లు, భర్త పోయినవాళ్లు ఎక్కువ. ఆనాటి ఆ యువ వితంతువులే ఈనాడు నడివయసు దాటుతున్న స్త్రీలు. వాళ్ల ముసలితనం చదువు లేకుండా, మగదిక్కు లేకుండా, చాలాసార్లు భూమి లేకుండా మొదలవుతోంది. ఆరోగ్యంలో అసమానత అనేది అరవై ఏళ్లకు హఠాత్తుగా ఊడిపడదు. పాతికేళ్ల వయసులో వేసిన పునాది మీద అది లేస్తుంది.

ఇక ఈ ఇరవై ఏళ్లలో మందులు వాళ్ల శరీరాల మీద వదిలిన గుర్తులు. 2004లో ఇచ్చిన మందుల్లో స్టావుడిన్ ఒకటి. చౌకగా దొరికేది. దాన్ని ఏళ్ల తరబడి వాడినవాళ్లకు బుగ్గలు లోపలికి పోయాయి, కాళ్లూ చేతులూ పుల్లల్లా అయ్యాయి, అరికాళ్లలో మంట మొదలైంది. దాన్ని క్రమంగా ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. మన దేశంలో అది పూర్తిగా పోవడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. మందు పోయినా, ముఖం మీద అది రాసిన రాత చాలామందికి అలాగే ఉండిపోయింది. ధర్మవరం మగ్గాల దగ్గర కండెలు చుట్టే స్త్రీకి చేతుల తిమ్మిరి అంటే కూలి పోవడమే. జిడోవుడిన్ వాడినవాళ్లలో రక్తహీనత. అసలే రాగి సంగటితో సరిపెట్టుకునే శరీరంలో ఇంకా మిగిలే రక్తమెంత? తర్వాత వచ్చిన టెనోఫోవిర్ మంచి మందే, కానీ ఎముకల్ని పలచబరుస్తుంది, మూత్రపిండాల మీద కన్నేసి ఉంచాలి.

ఎముకల మాట వచ్చింది గనుక మన రాష్ట్రానికే ప్రత్యేకమైన ఒక దురన్యాయాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. దేశంలో గర్భసంచి తీసేసే ఆపరేషన్లు అతి ఎక్కువగా జరిగే రాష్ట్రం మనదే. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి ఆ ఆపరేషన్ అయిపోయింది. తెల్లబట్ట అని పోయిన మనిషికి గర్భసంచే తీసి పంపిన ప్రైవేటు వైద్యం గురించి మనం చాలా మాట్లాడాం. అండాశయాలు కూడా తీసేస్తే నెలసరి ఆగినప్పుడు వచ్చే మార్పులన్నీ ఒక్కసారే ముంచుకొస్తాయి, ఎముకలు త్వరగా గుల్లబారతాయి. దాని మీద హెచ్.ఐ.వి., దాని మీద టెనోఫోవిర్, దాని మీద పాలూ గుడ్డూ అందని తిండి. నాలుగూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఆమె నీళ్ల బిందెతో జారిపడితే తుంటి విరగడం 'ఖర్మ' ఎలా అవుతుంది?

గర్భసంచి ఉన్నవాళ్ల సంగతి చూస్తే, హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఆరు రెట్లు ఎక్కువ. వాళ్లకు పాతికేళ్ల నుంచే పరీక్షలు మొదలుపెట్టి, మూడు నుంచి అయిదేళ్లకోసారి చేస్తూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. నెలనెలా మాత్రల కోసం వచ్చే స్త్రీని ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా ఆ పరీక్షకు పంపారా అని మన కార్యకర్తలు తమ పరిధిలో అడిగి చూడాలి.

వైరస్ రక్తంలో కనపడనంతగా తగ్గినా, శరీరం లోపల సన్నటి మంటలా వాపు కొనసాగుతుంది. గుండె జబ్బులు మిగతావాళ్లకన్నా ముందే, ఎక్కువగా రావడానికి అదొక కారణం. 2023లో వెలువడిన రిప్రీవ్ అనే అంతర్జాతీయ పరిశోధనలో, హెచ్.ఐ.వి. ఉన్న 40-75 ఏళ్లవాళ్లకు కొలెస్ట్రాల్ తగ్గించే ఒక మాత్ర రోజూ ఇస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి 35 శాతం తగ్గాయి. అందులో పాల్గొన్న దాదాపు 7,800 మందిలో భారతీయులు కూడా ఉన్నారు. ఆ ఫలితం రొద్దం పల్లెల దాకా రావడానికి ఇంకెన్నేళ్లు కావాలి?

ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నది డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర. రోజుకొకటి చాలు, బాగా పనిచేస్తుంది. కానీ దానికీ నియమాలున్నాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్‌తో కలిస్తే రక్తంలో మెట్‌ఫార్మిన్ మోతాదు పెరుగుతుంది, కాబట్టి దాన్ని రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలి. గ్యాస్‌కు వేసుకునే యాంటాసిడ్‌తో కలిపి వేసుకుంటే ఈ మాత్ర ఒంటికి పట్టదు. యాంటాసిడ్‌కు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రల్ని పరగడుపున దీనితో కలిపి మింగకూడదు, అన్నంతో పాటయితే ఫరవాలేదు. ఇప్పుడు ఒక అరవై ఏళ్ల స్త్రీని ఊహించుకోండి. షుగరు మాత్రలు ఊరి ఆరోగ్య కేంద్రంలో తీసుకుంటుంది. గ్యాస్ మందు ఆర్.ఎం.పి. ఇస్తాడు. ఏ.ఆర్.టి. మాత్రలు ఎవరికీ తెలియకుండా దూరపు ఊరిలో తెచ్చుకుంటుంది. ఊరి నర్సుకు తన జబ్బు చెప్పుకోలేదు, చెబితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుందని భయం. ఏ.ఆర్.టి. కేంద్రంలో షుగరు సంగతి ఎవరూ అడగలేదు. మూడు చీటీలు ఆమె కొంగులో ఉన్నాయి, మూడింటినీ కలిపి చదివే మనిషి లేదు. కళంకం మనసును మాత్రమే బాధపెడుతుందనుకుంటాం. అది మందును కూడా పనిచేయనివ్వదు.

ప్రభుత్వం దగ్గర కార్యక్రమాలు లేక కాదు. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం 2010-11 నుంచి ఉంది. బి.పి., షుగరు, క్యాన్సర్లకు ఇంకొకటి అదే కాలంలో వచ్చింది. హెచ్.ఐ.వి. కార్యక్రమం 1992 నుంచి ఉంది. 70 ఏళ్లు దాటిన అందరికీ ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. ఒక్కొక్కటీ ఒక్కో గదిలో, ఒక్కో రిజిస్టరుతో నడుస్తుంది. రోగి శరీరం మాత్రం ఒక్కటే.

దూరం సంగతి. రొద్దం మండలంలోని పల్లె నుంచి బత్తలపల్లి పోవాలంటే ఆటోలో రొద్దం, అక్కణ్ణించి పెనుకొండ, ధర్మవరం, తర్వాత బత్తలపల్లి. ఒక రోజు కూలి పోతుంది, చార్జీలు చేతి నుంచి పోతాయి, మోకాళ్ల నొప్పులతో బస్సు మెట్లు ఎక్కాలి. వెంట ఎవరైనా వస్తే వాళ్లకు కారణం చెప్పాలి. ఊళ్లో తెలియకూడదని దగ్గరి కేంద్రం వదిలి దూరపు కేంద్రానికి పోయేవాళ్లున్నారు. 2020 కోవిడ్ కాలంలో మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వడం సాధ్యమేనని తేలింది. జబ్బు నిలకడగా ఉన్న వృద్ధులకు అది హక్కుగా కొనసాగాలి.

ఆర్.డి.టి. లాంటి సంస్థ చేస్తున్న సేవ జిల్లా ప్రజలకు చెప్పనక్కర్లేదు. 2025లో ఆ సంస్థ విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడినప్పుడు జనం వీధుల్లోకి వచ్చారంటేనే ఆ అనుబంధం తెలుస్తుంది. అదే సమయంలో ఒక పెద్ద ప్రశ్న కూడా ఎదురైంది. ఒక జిల్లా రోగుల ప్రాణాలు ఒక సంస్థ అనుమతి పత్రం మీద ఆధారపడే స్థితి ఎందుకొచ్చింది? 2022 జూలైలో మందులు దొరకక, హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవాళ్లు ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం దగ్గర నెల రోజులకు పైగా ధర్నా చేశారు. మందు దయగా అందుతున్నంత కాలం ఆగిపోతుందేమోనన్న భయం కూడా దానితోనే వస్తుంది.

పింఛను విషయం మన కార్యకర్తలకు రోజూ ఎదురయ్యేదే. 2024 జూలై 1 నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య, వితంతు, ఒంటరి మహిళల పింఛన్లతో పాటు ఏ.ఆర్.టి. పింఛను కూడా మూడు వేల నుంచి నాలుగు వేలకు పెరిగింది. ఇది ఆహ్వానించదగిన పెంపు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. భర్త పోయిన స్త్రీకి వితంతు పింఛనుగా వచ్చేదీ అంతే, ఏ.ఆర్.టి. పింఛనుగా వచ్చేదీ అంతే. మరి జబ్బు పేరు పింఛను పేరులోనే ఉన్నదాన్ని ఆమె ఎందుకు కోరుకుంటుంది? జబ్బువల్ల అయ్యే అదనపు ఖర్చు, అంటే ప్రయాణం, పోషకాహారం, పరీక్షలు, ఎవరి లెక్కలోకీ రాదు. పక్క ఇంటి ఆరోగ్యవంతురాలికీ ఈమెకూ ఒకే మొత్తం ఇచ్చి సమానత్వం అనుకోవడం సరికాదు.

ఇంట్లో జరిగేది ఇంకొక అధ్యాయం. కొడుకు పోతే కోడల్ని 'నీవల్లే' అని వెళ్లగొట్టడం మనం చూశాం. ఇప్పుడు ఆ కోడలికే వయసు మళ్లింది. కొడుకు పెళ్లి చేసుకుంటే కొత్త కోడలికి తెలుస్తుందేమో, మనవణ్ణి ఎత్తుకోనివ్వరేమో అని వణికిపోతోంది. వేరే కంచం, వేరే గ్లాసు, పశువుల పాకలో పడక. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం (2017) దీన్ని నేరుగా నిషేధించింది. 29వ సెక్షన్ ప్రకారం హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లను, వాళ్లతో కలిసి జీవించినవాళ్లను ఉమ్మడి ఇంటి నుంచి, ఇంటిలో ఏ భాగం నుంచీ గెంటకూడదు. మనోవర్తి కేసుల్లో కోర్టు వైద్య ఖర్చుల్ని లెక్కలోకి తీసుకోవాలి. వైద్యం నిరాకరించడం వివక్ష. కంటి శుక్లాల ఆపరేషన్‌కు, విరిగిన తుంటికి, పాడైన పంటికి 'ఇక్కడ కాదు, అక్కడికి పొండి' అని తిప్పడం కూడా ఆ వివక్ష కిందికే వస్తుంది. ఇరవై మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలి, అత్యవసర వైద్యం విషయంలో వీలైనంతవరకు 24 గంటల్లో ఉత్తర్వు ఇవ్వాలి. ఈ చట్టం గురించి ఎంతమంది వృద్ధులకు తెలుసు? మన సంఘాల్లోనే ఎంతమందికి తెలుసు?

జబ్బు సోకకపోయినా దాని బరువు మోసిన అవ్వల్ని కూడా మరచిపోకూడదు. కొడుకూ కోడలూ పోతే, మనవళ్లను సాకి, వాళ్లకు మాత్రలు మింగించి, బడికి పంపినవాళ్లు వీళ్లే. ఆఫ్రికాలో ఇటువంటి అవ్వలు సంఘాలుగా ఏర్పడ్డారు. 2006లో కెనడా అవ్వలు వాళ్లతో చేతులు కలిపి ఒక ఉద్యమమే నడిపారు. మన దగ్గర వాళ్ల శ్రమకు పేరు కూడా లేదు. కుటుంబంలో స్త్రీ చేసే సేవ గాలిలా ఉచితమని అందరూ అనుకుంటారు గనుక, ఆమెకు బి.పి. ఉందా, చూపు ఆనుతోందా అని అడిగినవాళ్లు లేరు.

చేయాల్సిన పనులు మన చేతిలోనే చాలా ఉన్నాయి. హెచ్.ఐ.వి. లెక్కలన్నీ యాభై దాటిన స్త్రీ పురుషులను విడివిడిగా చూపేట్టు జిల్లా స్థాయిలో ప్రచురించాలని అడగాలి. ఏ.ఆర్.టి. కేంద్రానికి వచ్చిన ప్రతి పెద్ద వయసు మనిషికీ అదే రోజు, అదే చోట బి.పి., షుగరు, మూత్రపిండాలు, ఎముకలు, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు జరగాలి. ఊరి ఆరోగ్య సిబ్బందికి గోప్యత గురించి శిక్షణ ఇవ్వాలి, గోప్యత ఉల్లంఘిస్తే చర్య ఉండాలి. పింఛనుకు తోడు ప్రయాణ భత్యం, పోషకాహారం విడిగా ఇవ్వాలి. అంబుడ్స్‌మన్ పేరు, చిరునామా ప్రతి ఆసుపత్రి గోడ మీద తెలుగులో ఉండాలి. వృద్ధుల హక్కుల సభల్లో హెచ్.ఐ.వి. మాట, హెచ్.ఐ.వి. సభల్లో వృద్ధుల మాట రావాలి.

1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నడిచిన స్త్రీలు, ఆ తర్వాత డ్వాక్రా సంఘాల్లో పొదుపు పుస్తకాలు పట్టుకున్న స్త్రీలు ఈరోజు యాభై, అరవై దాటినవాళ్లే. 1998లో చెన్నైలో పాజిటివ్ స్త్రీలు తమ సంఘం పెట్టుకున్నప్పుడు, తమ గురించి తామే మాట్లాడతామన్నారు. ఈ రెండు తరాల అనుభవం ఒకచోట కలిస్తే అంతకన్నా బలమేముంది? వచ్చే మూడు నెలల్లో ప్రతి సంఘమూ తన మండలంలో యాభై దాటిన పాజిటివ్ స్త్రీలతో, వాళ్లు ఒప్పుకుంటేనే, వాళ్లు చెప్పిన చోటనే, పేర్లు రాసుకోకుండా ఒక్కసారి కూర్చుని మాట్లాడాలని మా విజ్ఞప్తి. వాళ్లకు ఏం కావాలో మనం ఊహించి రాయడం మాని, వాళ్లు చెప్పింది విని రాద్దాం. రాసింది తీసుకుని జిల్లా కలెక్టరు దగ్గరికి అందరం కలిసి వెళదాం.